తోడికోడలి పేరు మీద కంప్యూటర్

మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా బిల్లు మీద భవిత పేరే ఉంటుంది. ట్రాక్టరు భవితది. స్కూటీ భవితది. ఇన్వర్టరు, దాని బ్యాటరీ, బెల్లంకొండ పొలంలో మోటారు, చివరికి పాత మిక్సీ పోయి కొత్తది కొంటే అదీ భవితదే. భవిత నా తోడికోడలు, మా మరిది హర్ష భార్య. ఆమె పెద్ద చదువులు చదివిందనో, సంపాదించి పోస్తోందనో కాదు. ఆమె కాపురానికి వచ్చిన వారంలోనే మా పొలంలో బోరు పడింది. అంతకుముందు వేయించినవన్నీ దుమ్ము కక్కినవే. ఇది మాత్రం నీళ్ళు పైకి తన్నింది. మనుషులంతా తడిసి ముద్దవుతుంటే మా అత్త పార్వతమ్మ అక్కడే నిలబడి, “నా చిన్నకోడలు అడుగు పెట్టిన వేళ” అంది. అప్పటినుంచి మా ఇంట్లో భవిత పేరు లేకుండా ఏదీ గడప దాటి లోపలికి రాదు.

నేను పెద్దకోడలిని. పేరు కోటేశ్వరి, పుట్టిల్లు ఎడ్లపాడు. నేను కాపురానికి వచ్చిన వారంలో కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద వాన పడింది. ఆ మాట ఇంతవరకు ఎవరూ నా మొహం మీద అనలేదు. అనకపోతే మాత్రం తెలియదా? కొత్త బండి ఇంటికి వచ్చిన రోజున ముందు భవితను ఎక్కించమంటారు, నన్ను హారతి పళ్ళెం పట్టుకోమంటారు.

నాకు ఉన్నది అసూయే. దానికి ఇంకో మర్యాదైన పేరు పెట్టను. పైగా ఆ పిల్ల మంచిది, అదే నాకు ఇంకా మంట. చెడ్డదైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. నాకు తలనొప్పిగా ఉంటే టీ పెట్టి తెచ్చి ఇచ్చే మనిషిని ఏమని తిట్టుకోవాలి?

నేను పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఫొటోగ్రాఫర్లు పెళ్ళిలో తీసిన ఫొటోలన్నీ హార్డ్ డిస్కులో తెచ్చి ఇస్తారు. వాటిలో కళ్ళు మూసుకున్నవి, తల తెగినవి తీసేసి, మిగిలిన వాటికి రంగులు సరిచేసి, పేజీలు కట్టి ఇవ్వడం నా పని. నరసరావుపేటలో స్టూడియో ఉన్న యాసిన్ నాకు ఎక్కువ పని ఇస్తాడు. నా దగ్గరున్న పాత లాప్‌టాప్ ఒక పేజీ సేవ్ చేసేలోపు పొయ్యి మీద అన్నం ఉడికిపోయేది. అందుకని కంప్యూటర్ కొందామనుకున్నాను. కొనడం కాదు, పార్టులు విడివిడిగా తెచ్చి నేనే బిగించుకుందామనుకున్నాను.

“నువ్వెందుకక్కా, మావాడిని పంపిస్తా, గంటలో బిగించి పోతాడు” అన్నాడు యాసిన్.

నేను ఒప్పుకోలేదు. ఆ ఇంట్లో నా చేత్తో పుట్టిన వస్తువు ఒక్కటి ఉండాలని నాకు పంతం పట్టింది. నెలల తరబడి వీడియోలు చూశాను. ఏ బోర్డుకి ఏ ప్రాసెసర్ కూర్చుంటుందో, ఏ డబ్బాలో ఏ ఫ్యాన్ పడుతుందో నేర్చుకున్నాను. కూర తరుగుతూ వారంటీ షరతులు చదివాను. అవి చదివేవాళ్ళు ఎవరుంటారు అంటారా? నేనున్నాను. ఎదుటివాళ్ళకు ఏముందో లెక్కపెట్టుకునే అలవాటున్నవాళ్ళు కాగితం మీద చిన్న అక్షరాలు కూడా వదలరు.

కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ దగ్గర మళ్ళీ యాసిన్ అడ్డం వచ్చాడు. “క్రాక్‌ది ఎక్కించుకో అక్కా. పేటలో అందరూ అంతేగా, ఎవరడుగుతారు?”

“అందరి సంగతి నాకొద్దు. నాది అని చెప్పుకునేది ఒక్కటన్నా అసలుది ఉండాలి” అన్నాను.

అసలు లైసెన్సులు రెండు రకాలు. ఖరీదైనది మన వెంట వస్తుంది, పాత కంప్యూటర్ పోయినా కొత్తదానిలో వేసుకోవచ్చు. రెండోది చవక. అది ఏ మదర్‌బోర్డు మీద మొదట ఎక్కిందో దానితోనే ఉండిపోతుంది. నేను చవకది ఎంచుకున్నాను. బోర్డుకి మూడేళ్ళ వారంటీ ఉంది కదా, ఏమవుతుందిలే అనుకున్నాను.

పార్టులు కొనడానికి నేను, మా ఆయన నవీన్ గుంటూరు వెళ్ళాం. డబ్బంతా నేను ఆల్బమ్‌ల మీద సంపాదించిందే. షాపులో ఒక్కొక్క డబ్బా తెరిపించి చూసుకుని మదర్‌బోర్డు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కౌంటర్‌లో అబ్బాయి బిల్లు కొట్టబోతూ, “పేరు, ఫోన్ నంబర్ చెప్పండి సార్, వారంటీ దీనిమీదే రిజిస్టర్ అవుతుంది” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన ఫోన్ మోగింది. అవతల అత్త. ఆమె గొంతు నాదాకా వినబడుతూనే ఉంది. మా ఆయన ఫోన్ పెట్టేసి, నా వైపు చూడకుండా, “భవిత అని రాయండి” అన్నాడు. నంబరూ ఆమెదే చెప్పాడు. లైసెన్సు కూడా ఆ నంబరు మీద, ఆమె మెయిల్ మీదే ఎక్కింది.

బయటకు వచ్చాక అడిగాను. “నా డబ్బుతో కొన్నదానికి ఆమె పేరు ఏంది?”

“ఏమే, పేరేగా. వాడేది నువ్వేగా! మిషన్లు కదా, ఆ పిల్ల పేరు మీద ఉంటే నిలబడతాయని అమ్మ భయం. ఎందుకింత రాద్ధాంతం?” అన్నాడు.

పేరేగా అంట. పేరు ఒట్టిదే అయితే నాదే రాయించవచ్చుగా. ఆ మాట నాకు సగం దారి దాటాక తట్టింది. అప్పటికి ఆయన కారులో పాటలు పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చి భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి పని మొదలుపెట్టాను. గాజులు తీసి పక్కన పెట్టాను. ఒంట్లో కరెంటు బోర్డుకి తగలకూడదని కిటికీ ఊచలు పట్టుకుని వచ్చి మళ్ళీ కూర్చునేదాన్ని. ప్రాసెసర్ గుంటలో పెట్టి మీట కిందికి నొక్కితే కరకరమని శబ్దం వస్తుంది. అది మామూలేనని వీడియోలో చెప్పారు, అయినా సగంలో ఆపి ఆ వీడియో మళ్ళీ చూసి నొక్కాను. శనగగింజంత పేస్టు దానిమీద పెట్టి ఫ్యాన్ బిగించాను. సన్న వైర్లు ఏది ఏ మొలకి తగిలించాలో చూడటానికి సెల్‌ఫోన్ టార్చి నోట్లో పెట్టుకున్నాను. భవిత స్టూలు లాక్కుని పక్కన కూర్చుని అన్నీ చూసింది. “అక్కా, ఇది ఏంది? అక్కా, అది ఎందుకు?” అని అడుగుతూనే ఉంది. స్క్రూలు అందించింది. నాకు అదీ నచ్చలేదు. రేపు నేనూ బిగించానని చెప్పుకుంటుందేమో అనిపించింది.

అంతా అయ్యాక స్విచ్ వేద్దామని వేలు చాచాను.

“ఆగవే! రాహుకాలం పోనీ” అంది అత్త.

రాహుకాలం పోయింది. అత్త డబ్బాకి పసుపు రాసి బొట్టు పెట్టి, “భవితా, రా అమ్మా, నీ చేత్తో నొక్కు” అంది. భవిత నా వైపు చూసింది. నేను నవ్వాను. ఆ నవ్వు ఎలా వచ్చిందో దేవుడికి తెలియాలి. ఆమె నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలిగింది. అత్త చేతులు జోడించి, “చూశారా, ఒక్క నొక్కుకే!” అంది. నేను నడుం నొప్పితో నిలబడి ఉన్నాను. ఆ సాయంత్రానికి బంధువులందరికీ ఫోన్‌లు వెళ్ళాయి. మా భవిత కంప్యూటర్ వచ్చిందని.

ఆ కంప్యూటర్ గుర్రంలా పనిచేసింది. పాత లాప్‌టాప్‌లో రోజంతా పట్టే పని పూటలో అయ్యేది. యాసిన్ పని పెంచాడు. గురజాల, మాచర్ల ఫొటోగ్రాఫర్లు కూడా హార్డ్ డిస్కులు పంపేవారు. వచ్చినవాళ్ళతో అత్త ఒకటే మాట, “అంతా మా భవిత చేతి చలవ.” మౌస్ పట్టుకున్న చెయ్యి నాది. చలవ మాత్రం ఆమెది.

పెళ్ళిళ్ళ సీజన్ రెండోసారి వచ్చినప్పుడు, పిడుగురాళ్ళ శ్రీమన్నారాయణ గారి అమ్మాయి పెళ్ళి ఆల్బమ్ సగంలో ఉండగా, ఒక ఉదయం స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది. మళ్ళీ నొక్కాను. అంతే. డబ్బా తెరిచి చూస్తే బోర్డు మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. ర్యామ్ తీసి ఒక్కొక్కటే పెట్టి చూశాను. యాసిన్ స్టూడియోలో పవర్ సప్లై అరువు తెచ్చి పెట్టి చూశాను. ప్రాసెసర్ తీసుకెళ్ళి అతని మిషన్‌లో పెడితే అక్కడ శుభ్రంగా పనిచేసింది. పోయింది మదర్‌బోర్డు.

నాకు ఏడుపు రావాలి కదా? చేతిలో పని ఆగిపోయింది, పెళ్ళివాళ్ళు యాసిన్‌ని తిడుతున్నారు. కానీ ముందు వచ్చింది సంతోషం. కడుపులో చల్లగా అనిపించింది. భవిత పేరు, భవిత నంబరు, భవిత వేలు, ఇన్ని ఉండి కూడా పోయింది. నేను వంటింట్లోకి వెళ్ళి, కావాలనే కాస్త గట్టిగా, “అత్తయ్యా, భవిత కంప్యూటర్ పోయింది” అన్నాను.

అత్త చేతిలో గరిటె ఆగింది. “అయ్యో, పోవడమేంది? ఎవరి కళ్ళు పడ్డాయో ఏమో” అంది. తరవాత లేచి ఎండుమిరపకాయలు, ఉప్పు తెచ్చి కంప్యూటర్ చుట్టూ తిప్పి దిష్టి తీసింది. మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. ఒక్కరం కూడా తుమ్మలేదు.

“చానా దిష్టి తగిలింది” అంది అత్త.

ఈ ఇంట్లో భవిత వస్తువుల మీద అంత చూపు పెట్టింది నేను తప్ప ఇంకెవరు? కరెంటు హెచ్చుతగ్గులకు బోర్డు కాలిందని నా చదువు చెబుతోంది. నా లోపల మాత్రం ఇంకేదో నసుగుతోంది. నా చేత్తో కట్టుకున్నదాన్ని నా కళ్ళతోనే చంపుకున్నానా? బిల్లు మీద నా పేరే ఉంటే నా కన్ను దానికి తగిలేది కాదుగా అని కూడా అనుకున్నాను. అసూయకి ఎక్కడికెళ్ళినా దారి దొరుకుతుంది.

వారంటీ ఇంకా ఉంది. గుంటూరు సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, “బోర్డు ఎవరి పేరు మీద రిజిస్టర్ అయిందో ఆమె రావాలి మేడమ్. ఆధార్ తేవాలి, ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తుంది” అన్నారు. నేనే భవితనని చెబుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఆమె పేరు నా నోటితో నాకే పెట్టుకోవడం నా వల్ల కాలేదు.

భవితను అడగాల్సి వచ్చింది. “దానిదేముందక్కా, పోదాం పా” అని చీర మార్చుకుని వచ్చేసింది. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చింది. బోర్డు పెట్టె నా ఒళ్ళో ఉంది. కొండవీడు కొండలు కనబడేసరికి ఆమె నెమ్మదిగా అంది, “అక్కా, ఒక మాట చెప్పనా? నాకు భయంగా ఉంది. కంప్యూటర్ పోయిందిగా. రేపు ట్రాక్టరు పోయిద్ది. ఎల్లుండి బోరు ఎండిపోయిద్ది. అప్పుడు నన్నేమంటారో.”

“ఏమీ అనరులే” అన్నాను.

“బోరు పడిన రోజు నేను ఏం చేశానక్కా? ఇంట్లో కూర్చుని గోరింటాకు పెట్టుకుంటన్నా. నా పేరు మీద ఇన్ని ఉన్నాయి గానీ, నాకు ట్రాక్టరు తోలడం రాదు, నీకు మల్లే ఇవి బిగించడమూ రాదు.”

ఇక్కడ నా మనసు కరగాలి. కరగలేదు. ఆమె మీద ఇల్లంతా ఆశ పెట్టుకుంది కాబట్టే ఆమెకి భయం. నా మీద ఎవరూ ఏ ఆశా పెట్టుకోలేదు, నాకు భయపడే పని కూడా లేదు. ఆ భయం కూడా నాకు కావాలనిపించింది.

సర్వీస్ సెంటర్‌లో బోర్డు చూసి, “భవిత గారంటే మీరా?” అని అడిగారు. ఓటీపీ చెప్పింది, సంతకం పెట్టింది. బోర్డు మీద ఏ దెబ్బ లేదని, ఒక్క పిన్ను కూడా వంగలేదని అక్కడి కుర్రాడు అన్నాడు. “చక్కగా వాడారు మేడమ్” అని భవితతో అన్నాడు. ఆమె నా వైపు తిరిగేలోపే అతను ఇంకొకరిని పిలిచాడు.

కొన్నాళ్ళకు కొత్త బోర్డు వచ్చింది. పెట్టె తెరిచి చూసి నిలబడిపోయాను. పాత మోడల్ ఇప్పుడు తయారవడం లేదట, అందుకని దానికంటే మంచిది, నేను కొనాలనుకుని కూడా కొనలేకపోయినది పంపించారు. ఆ సంగతి మా ఆయన నోరు ఆగక వాళ్ళమ్మకి చెప్పేశాడు.

అత్త మొహం చూడాలి అప్పుడు. “నేను చెప్పలా! పోయినా మంచికే పోయింది. పాతదిచ్చి కొత్తది తెచ్చుకుంది నా కోడలు. పేరు బలం అంటే ఇదీ!”

పాడవడంలో కూడా ఆమెకే లాభం వచ్చింది. నాకైతే గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

బోర్డు మళ్ళీ నేనే బిగించాను. ఈసారి ముహూర్తం చూడనివ్వలేదు, స్విచ్ నేనే నొక్కాను. తెర వెలిగింది. కానీ మూలన బూడిదరంగు అక్షరాలు వచ్చాయి. ఈ లైసెన్సు ఈ మిషన్‌ది కాదని. చవకది కొన్నాను కదా, అది పాత బోర్డుకే అంటుకుని ఉంది. దొంగ సాఫ్ట్‌వేర్ వద్దని అంత గట్టిగా చెప్పినదాన్ని, ఇప్పుడు నా తెర మీదే దొంగ అని రాసినట్టుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీ హెల్ప్‌లైన్‌కి చేస్తే మళ్ళీ అదే పాట, కొన్న మనిషి మాట్లాడాలి అన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక భవిత ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాం. తెలుగు మాట్లాడే అబ్బాయే దొరికాడు. అత్త మంచం మీద కూర్చుని తమలపాకు ఈనెలు తీస్తోంది.

ఓటీపీ అయింది, వివరాలయ్యాయి. అతను అన్నాడు, “మేడమ్, బోర్డు మీ అంతట మీరు మార్చుకుంటే ఈ లైసెన్సు పోయినట్టే. పాడైనందుకు వారంటీలో మార్చారంటే మాత్రం ఉంటుంది. కానీ ఆ మాట మీరు చెబితే చాలదు. ఈ రకం లైసెన్సులో కంప్యూటర్ బిగించినవాళ్ళే దాని తయారీదారు కింద లెక్క. పూచీ వాళ్ళది. మీ కంప్యూటర్ తయారు చేసింది ఎవరు?”

మా ఇంట్లో వస్తువు గురించి కొన్నదెవరని, ఎవరి పేరు మీదుందని, ఎవరి చేత్తో నొక్కారని అందరూ అడిగారు. చేసిందెవరని అడిగినవాడు ఇతనొక్కడే. చెప్పాలి, నేనే అని చెప్పాలి. నోరు రాలేదు. ఆమె ఫోను, ఆమె పేరు, ఆమె కాల్. మధ్యలో నేనెలా దూరను?

అత్త ఆకు పక్కన పెట్టి సైగ చేసింది. “నేనే అని చెప్పు, నువ్వే చెప్పు. పేరు మారిస్తే పని చెడుద్ది” అని గుసగుసగా అంది.

భవిత అత్త వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ ఒక్క మాట అనేస్తే చాలు, ఈ కంప్యూటర్ కూడా పూర్తిగా ఆమెది అయిపోతుంది. నాకు తెలుసు. ఆమె స్థానంలో నేనుంటే అనేసేదాన్ని.

“మా అక్కండీ” అంది భవిత. “తయారు చేసింది మా అక్క, పేరు కోటేశ్వరి. నేను స్విచ్ నొక్కానంతే.”

“అయితే ఫోన్ ఆమెకివ్వండి” అన్నాడతను.

నేను మాట్లాడాను. పాత బోర్డు ఏ మోడల్, ఎలా పోయింది, ఏమేం మార్చి పరీక్షించాను, కొత్తది ఏది వచ్చింది, అన్నీ తడుముకోకుండా చెప్పాను. “తయారీదారు కోటేశ్వరి గారు అని రాసుకుంటున్నానండి” అన్నాడు. అతను చదివిన అంకెలు కొట్టాను. తెర మూలన ఉన్న అక్షరాలు పోయాయి. ఎక్కడో ఎవరో నా పేరు రాసుకున్నారు, నేను చేసినదాని పక్కన. ఇన్నేళ్ళ మంట ఆ ఒక్క క్షణం ఆగింది. నిజంగా ఆగింది.

“చూశావటే కోటేశ్వరీ!” అంది అత్త, ఆకు నోట్లో పెట్టుకుంటూ. “నీ పేరైనా సరే, భవిత నోటి వెంట వచ్చింది గనక కలిసొచ్చింది. నువ్వే చెప్పుకునుంటే వాడు వినేవాడా?”

“అయ్యో అత్తయ్యా, అట్టా అనమాక” అంది భవిత. ఆమె మొహంలో నిజంగానే బాధ ఉంది.

అత్త అన్నది అబద్ధం కాదు. నాకు నోరు రాలేదు, ఆమెకు వచ్చింది. నా పేరు నాకు దక్కింది, అదీ ఆమె ఇస్తేనే. ట్రాక్టరు, స్కూటీ, బోరు, అవన్నీ ఆమెవని ఇన్నాళ్ళూ ఏడ్చాను. ఇకనుంచి నాది అనుకునే ఈ ఒక్కటి చూసినా ఆమే గుర్తొస్తుంది.

“థాంక్స్ భవితా” అన్నాను. ఆమె సంతోషపడింది. నేను పడలేదు.